నీతి రాయించకండి, కథను తిరగరాయించండి

ప్రశ్న: మా ఇద్దరు పిల్లలనూ రెండేళ్లుగా ఇంట్లోనే చదివిస్తున్నాం. బాబుకు పదమూడేళ్లు, పాపకు పదకొండు. వాళ్ల నాయనమ్మ దగ్గర విన్నవీ, నేను చదివి వినిపించినవీ కలిపి పంచతంత్రం కథలు, బేతాళ కథలు, జానపద కథలు ఇద్దరికీ చాలానే వచ్చు. చెప్పమంటే గొంతులు మార్చి మరీ చెబుతారు. అదే కథను రాయమంటే మాత్రం బాబు అరగంట కూర్చుని నాలుగు వాక్యాలు రాస్తాడు. పాప గబగబా రాసేస్తుంది గానీ అందులో ఏమీ ఉండదు. మచ్చుకు పాప రాసిన ముంగిస కథను ఉన్నదున్నట్టు పంపుతున్నాను: "ఒక ఊళ్లో ఒక బ్రాహ్మణుడు ఉండేవాడు. అతనికి ఒక కొడుకు ఉన్నాడు. వాళ్లు ఒక ముంగిసను పెంచుకున్నారు. ఒకరోజు పాము వచ్చింది. ముంగిస పామును చంపింది. బ్రాహ్మణుడు వచ్చి రక్తం చూసి ముంగిసను చంపేశాడు. తర్వాత చాలా బాధపడ్డాడు. నీతి: తొందరపాటు పనికిరాదు." కథల ద్వారా రాయడం నేర్పవచ్చని విన్నాను. ఎలా మొదలుపెట్టాలి? తప్పులు ఎంతవరకు దిద్దాలి? కథలు రాస్తూ కూర్చుంటే సైన్సు, సాంఘిక శాస్త్రం జవాబులు, వ్యాసాలు రాయడం వస్తుందా? సొంత కథ రాయమంటే టీవీలో చూసినవే రాస్తున్నారు, దానికేం చేయాలి?
— ఒక తల్లి

సమాధానం: పాప రాసిన కథను చూసి మీరు నిరుత్సాహపడవలసిన అవసరం లేదు. అందులో ముఖ్యమైన సంఘటన ఏదీ తప్పిపోలేదు, వరుస చెడలేదు, అర్థం కాని వాక్యం ఒక్కటీ లేదు. పదకొండేళ్ల పిల్లకు అది చిన్న సంగతేమీ కాదు. లేనిదల్లా కథనం. నోటితో చెప్పేటప్పుడు గొంతు మార్చి చెప్పే పిల్ల కాగితం మీద ఇంత పొడిపొడిగా ఎందుకు రాసిందంటే, ఆమె లెక్కలో అది కథ తనకు వచ్చునని రుజువు చూపించే పని. చదవబోయేది మీరు, మీకు ఆ కథ ముందే తెలుసు, తెలిసినవారికి మళ్లీ వివరంగా చెప్పవలసిన అగత్యం ఆమెకు కనబడలేదు. చివర నీతి ఒకటి తగిలిస్తే పని పూర్తయినట్టేనన్న అలవాటు కూడా పిల్లలకు పెద్దల వల్లనే వస్తుంది. అందుచేత మొట్టమొదట మార్చవలసింది ఆమెకు ఇచ్చే పనిని. రాత ఆ తర్వాత దానంతటదే మారడం మొదలుపెడుతుంది.

రాయడం నేర్పేవారికి సంప్రదాయ కథ వల్ల కలిగే సౌలభ్యం ఒక్కటే, కానీ అది చాలా పెద్దది. ఏం రాయాలన్న బెంగ పిల్లలకు ఉండదు. పాత్రలు, సంఘటనలు, ముగింపు అన్నీ సిద్ధంగా ఉంటాయి కాబట్టి వాళ్ల శ్రద్ధంతా ఎలా రాయాలన్నదాని మీదే నిలపవచ్చు. అయితే కథ ఎంత బాగా నలిగితే ఈ సౌలభ్యం అంతగా పెరుగుతుందన్న సంగతిని చాలామంది తల్లిదండ్రులు గమనించరు. వారానికో కొత్త కథ ఇచ్చి, అది రాయగానే ఇంకొకటి అందించే పద్ధతిలో పిల్లలు ఎప్పటికీ మొదటి చిత్తుప్రతి దాటి ముందుకు పోరు. ఒక్క కథను ఎంచుకుని నెల, నెలన్నర పాటు దానితోనే ఉండమని నా సలహా. వారానికి మూడు రోజులు, రోజుకు అరగంటకు మించకుండా కూర్చోబెట్టండి. కూర్చున్న ప్రతిసారీ అదే కథతో వేరొక పని చేయించండి. విసుగు పుడుతుందేమోనన్న సందేహం వద్దు, ఎందుకంటే పిల్లలు విసిగేది ఒకే పనిని పదేపదే చేయించినప్పుడు.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. క్రీస్తుశకం 1వ శతాబ్దంలో రోములో వక్తృత్వం నేర్పిన క్వింటిలియన్, పిల్లలు ఈసపు కథలను ముందు నోటితో తేటమాటల్లో చెప్పాలనీ, తర్వాత అదే తేటదనంతో రాయాలనీ, పద్యాన్ని విడగొట్టి వచనంగా మార్చాలనీ, దాన్నే ఒకసారి కుదించి ఒకసారి పెంచి రాయాలనీ సూచించాడు. 4వ శతాబ్దపు గ్రీకు ఉపాధ్యాయుడు అఫ్తోనియస్ కూర్చిన 14 అభ్యాసాల్లో మొదటిది నీతికథ, రెండవది కథనం. ఒక కథ నమ్మదగినది కాదని ఖండించడం, నమ్మదగినదేనని సమర్థించడం 5, 6 స్థానాల్లో వస్తాయి. కథ చెప్పడం, వాదించడం వేర్వేరు విద్యలని వాళ్లు అనుకోలేదు. వ్యాసాల గురించి మీరు అడిగిన ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

ఇక పని మొదలుపెట్టే తీరు. బాబు సమస్య పాప సమస్య లాంటిది కాదు. అరగంట కూర్చుని నాలుగు వాక్యాలు రాసే పిల్లవాడికి సాధారణంగా భాషకు కొదవ ఉండదు. ఆలోచన వేగాన్ని చేయి అందుకోలేకపోవడం, రాస్తున్న ప్రతి వాక్యమూ సరిగా ఉందో లేదోనని మధ్యలో ఆగి వెనక్కి చూసుకోవడం అతన్ని కట్టిపడేస్తాయి. అతన్ని ముందు కథ చెప్పనిచ్చి ఫోనులో రికార్డు చేయండి. మర్నాడు అతనే దాన్ని విని, తనకు బాగా నచ్చిన రెండు నిమిషాల భాగాన్ని "అప్పుడేమో", "ఇంకేముంది" లాంటి ఊతమాటలతో సహా కాగితం మీదికి ఎక్కించాలి. ఆ కాగితాన్ని ఇద్దరూ కలిసి చూడండి. చెప్పినప్పుడు ఒళ్లు జలదరించిన చోటు చదివితే చప్పగా ఉంటుంది. తండ్రి గుమ్మంలోకి వచ్చాడని చెప్పి, ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, ముంగిస మూతికి రక్తం ఉందని అతను చెప్పి ఉంటాడు. ఆ విరామం గానీ ఆ గొంతు గానీ కాగితం మీదికి రాలేదు. వాటి స్థానంలో ఏ వాక్యం పెడితే చదివేవాడు అక్కడ ఆగుతాడని అడగండి. ఈ ఒక్క ప్రశ్న మీద పదమూడేళ్లవాడితో అరగంట మాట్లాడవచ్చు, అది వృథా కాదు. పాపకైతే మొదటి వారం ఆమె చెబుతూ ఉంటే మీరే రాసిపెట్టండి. తన మాటలు అచ్చం తన మాటల్లాగే కాగితం మీద నిలబడగలవని ఆమె కళ్లారా చూడడం అవసరం.

మరొక జాగ్రత్త కూడా ఇక్కడే తీసుకోవాలి. రాసినదాన్ని ఆ కథ తెలియని మనిషి ఎవరైనా చదవాలి. చుట్టాల పిల్లలు కావచ్చు, దూరంగా ఉన్న స్నేహితురాలు కావచ్చు. ఆ చదివేవారు వేసే ప్రశ్నలు, అంటే ముంగిసను ఎందుకు పెంచుకున్నారు, పిల్లవాణ్ణి ఒంటరిగా ఎందుకు వదిలారు లాంటివి, మీరు నోటితో పదిసార్లు చెప్పినా పిల్లలకు పట్టని సంగతిని ఒక్కసారికే పట్టిస్తాయి.

రెండో వారానికి కుదింపు మొదలుపెట్టవచ్చు. కథను ముందు 100 మాటల్లో, తర్వాత 50లో, చివరకు ఒక్క వాక్యంలో రాయమనండి. ఒక్క వాక్యం దగ్గరే అసలు పరీక్ష ఉంటుంది. "తనకు మేలు చేసిన ముంగిసను తండ్రి అనుమానించి చంపాడు" అని ఒకరు రాస్తారు. "రక్తం చూసిన తండ్రి ఆ రక్తం ఎవరిదని అడగలేదు" అని ఇంకొకరు రాస్తారు. రెండూ ఆ కథే, కానీ రెండింటి గుండె ఒకటి కాదు. ఏది ఉండాలి, ఏది పోయినా ఫరవాలేదని తేల్చుకోవడమే సారాంశం రాయడమని ఈ పనిలో పిల్లలకు తెలిసినంతగా పాఠ్యపుస్తకంలోని ఏ పాఠాన్ని కుదించినా తెలియదు.

దీనికి తోడుగా అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నతనంలో తనకు తానే పెట్టుకున్న అభ్యాసం ఒకటి పనికివస్తుంది. మంచి వచనం అనిపించిన వ్యాసాల్లో ఒక్కొక్క వాక్యానికి ఒక చిన్న గుర్తు రాసుకుని, కొన్ని రోజులు పక్కన పెట్టి, పుస్తకం చూడకుండా ఆ గుర్తుల సాయంతో వ్యాసాన్ని తిరిగి కట్టి, మూలంతో పోల్చి తన తప్పులు దిద్దుకునేవాడినని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. కథలను పద్యాలుగా మార్చి, అసలు వచనం మరిచిపోయాక ఆ పద్యాలను మళ్లీ వచనం చేసేవాడట; ఒక్కోసారి ఆ గుర్తులను కలగాపులగం చేసి, కొన్ని వారాల తర్వాత వాటికి మంచి వరుస ఏర్పరచేవాడట. బాబుకు ఇది సరిపోతుంది. ఎవరైనా బాగా రాసిన కథలోంచి ఒక పేరా తీసుకుని వాక్యానికి రెండు మూడు మాటల చొప్పున గుర్తులు రాసుకోమనండి; నాలుగైదు రోజులు ఆగి తిరిగి కట్టమనండి. పోల్చేటప్పుడు మీరు తీర్పు చెప్పకండి. మూలకర్త తనకంటే బాగా రాసిన చోట్లు ఏవో, తనే బాగా రాసిన చోట్లు ఏవైనా ఉన్నాయేమో అతన్నే గీత గీయమనండి. రెండో రకం చోట్లు తప్పకుండా కొన్ని ఉంటాయి.

కుదించడం చేతనయ్యాక పెంచడం. ఇక్కడ అందరూ చేసే పొరపాటు కథ మొత్తాన్ని పెంచమనడం. అలా అడిగితే పిల్లలు వాక్యానికో విశేషణం చేర్చి, ఒక ఊరిని అందమైన ఊరిగా, పామును భయంకరమైన పాముగా మార్చి ఊరుకుంటారు. కథలో ఒక్క క్షణాన్ని మాత్రమే ఎంచుకుని దాన్నే ఒక పేరాగా రాయమనండి. ముంగిస కథలో ఆ క్షణం గుమ్మం దగ్గరిది. పాప దాన్ని "రక్తం చూసి ముంగిసను చంపేశాడు" అని నాలుగు మాటల్లో దాటేసింది. ఆమెను కొన్ని ప్రశ్నలు అడగండి: తండ్రికి ముందుగా ఏది కనబడింది, ముంగిసా, రక్తమా, ఊయలా? ముంగిస ఎందుకు ఎదురొచ్చింది? ఇల్లు ఎలా వినబడుతోంది? జవాబుల్లోంచి దాదాపు ఇలాంటి పేరా వస్తుంది: "అడుగుల చప్పుడు వినగానే ముంగిస ఊయల కింది నుంచి లేచి గుమ్మం వైపు పరుగెత్తింది. రోజూ లాగే ఆయన కాళ్లకు చుట్టుకుంది. ఆయన వంగి దాని తల నిమరబోయి ఆగాడు. పంచె అంచున ఎర్రటి మరక పడి ఉంది. ముంగిస మూతి తడిగా ఉంది. లోపల ఊయల కదలడం లేదు." ఇందులో కోపం, భయం, తొందరపాటు అన్న మాటలు లేవు. పెద్ద విశేషణాలూ లేవు. చూపు వెళ్లిన వరుసలో వాక్యాలు వెళ్లాయి, అంతే. పిల్లలచేత ఈ పేరాను కంఠస్థం చేయించకండి, నమూనాగా ముందు చూపించకండి కూడా. వాళ్లు రాసుకున్న తర్వాత పక్కన పెట్టి చూడడానికి మాత్రం ఇలాంటిది ఒకటి మీరూ రాయండి. తల్లి కూడా కూర్చుని రాస్తోందన్న సంగతి పిల్లల మీద చేసే పని తక్కువది కాదు.

ఆ పేరా నుంచే మరింత లోతైన ప్రశ్నకు వెళ్లవచ్చు. పాము వచ్చిన సంగతి చదివేవారికి ముందే తెలియాలా, తండ్రితో పాటే తెలియాలా? ముందే చెబితే గుమ్మం దగ్గర చదివేవారు వద్దు వద్దు అని లోలోపల అరుస్తూ ఉంటారు. దాచిపెడితే తండ్రితో పాటు తామూ ముంగిసను అనుమానించి, ఊయల పక్కన తునకలైన పామును చూసి తామూ తలదించుకుంటారు. పాపకు ఒక పద్ధతి, బాబుకు ఒక పద్ధతి అప్పగించి ఇద్దరి రాతలనూ పక్కపక్కన చదివించండి. ఏది మేలైనదో తేల్చవలసిన పని లేదు. సంఘటనల వరుస వేరు, చెప్పే వరుస వేరని ఈ ఒక్క అభ్యాసంతో తెలిసిపోతుంది, అది తెలిసిన పిల్లలు అనగనగా దగ్గరే మొదలుపెట్టాలన్న పట్టు వదిలేస్తారు.

ఒక రచయిత రాసిన కథలకు లేని ఇంకొక గుణం సంప్రదాయ కథలకు ఉంది: వాటికి ఒకే పాఠం, అంటే చెప్పే రూపం, ఉండదు. హితోపదేశంలో ముంగిసను చంపినది తండ్రి. పంచతంత్రపు ఒక పాఠంలో నీళ్లకు వెళ్లి వచ్చిన తల్లి, నిండు కుండను దాని మీద పడేసి చంపుతుంది. బిడ్డను చూస్తుండవలసిన తండ్రి అప్పటికే భిక్షకు వెళ్లిపోయి ఉంటాడు. వేల్స్ దేశంలో ఇదే కథ లెవెలిన్ అనే రాజుదీ, అతని వేటకుక్క గెలెర్ట్‌దీ అయింది. అక్కడ పాము స్థానంలో తోడేలు వచ్చింది. ఈ పాఠాలను పిల్లల ముందు పరచి, ఏం మారింది, మారినందువల్ల తప్పు ఎవరి మీదికి వెళ్లింది అని అడగండి. తల్లి చంపిన పాఠంలో తప్పు ఇద్దరికీ పంచబడింది కదా అని బాబు గమనించవచ్చు. ఆ గమనికను ఐదారు వాక్యాల్లో రాస్తే అది తులనాత్మక వ్యాసానికి మొదటి పేరా అవుతుంది. ఆ తర్వాత చెప్పేవారిని మార్చి రాయించండి. తండ్రి చెబితే ఎలా ఉంటుంది, అన్నీ అయిపోయాక ఇంటికి వచ్చిన తల్లి చెబితే ఎలా ఉంటుంది? ముంగిసచేత చెప్పిస్తానని పాప తప్పకుండా అంటుంది. చెప్పనివ్వండి, కానీ చచ్చిపోయిన ముంగిస కథను ఎక్కడి దాకా చెప్పగలదో, చివరి వాక్యం ఏదవుతుందో ఆమెనే తేల్చుకోమనండి. చెప్పేవాడికి తెలిసినంత మేరకే కథ చెప్పాలన్న నియమాన్ని పిల్లలు ఇలాంటి చిక్కుల్లో పడి నేర్చుకున్నట్టుగా మరెలాగూ నేర్చుకోరు.

నీతి సంగతి ఇప్పుడు చెబుతాను. కథ చివర నీతి రాయించే అలవాటును కొంతకాలం పూర్తిగా మానిపించండి. నీతి చెడ్డదని నేననడం లేదు. ముందే తెలిసిన ఒక్క వాక్యంలో కథను ముగించగలిగితే, దాని ముందున్న వాక్యాలన్నీ పిల్లలకు మొక్కుబడిగా కనబడతాయి. పైగా పంచతంత్రంలో కథలు నడిచే తీరు కూడా అది కాదు. అక్కడ ప్రతి కథనూ ఒక పాత్ర ఇంకొక పాత్రతో, ఏదో ఒకదానికి ఒప్పించడానికి చెబుతుంది. సింహాన్ని బావిలో దూకించిన కుందేలు కథను దమనకుడనే నక్క కరటకుడనే నక్కకు చెప్పేది, బలం చేయలేని పనిని ఉపాయం చేస్తుందని నమ్మించడానికి. అదే కథను ఒక మంత్రి తన రాజుకు చెబితే, కోపంలో ఉన్నవాడు తన నీడతోనే పోట్లాడతాడన్నది దాని సారం కావచ్చు. కాబట్టి నీతి ఏమిటని అడగడం మాని, ఈ కథను ఎవరికి, ఏ సందర్భంలో, దేనికి ఒప్పించడానికి చెబుతావని అడగండి. ముందు రెండు వాక్యాల్లో సందర్భం, మధ్యలో కథ, చివర వినేవాడి జవాబు, ఇంతే రాయించండి. వినేవాడు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, ఒప్పుకోకపోతే ఇంకా మంచిది. 15వ శతాబ్దపు అనంతామాత్యుడి భోజరాజీయంలోని ఆవు, పులి కథ కూడా ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. బిడ్డకు పాలిచ్చి తిరిగి వస్తానని ఆవు పులిని ఒప్పించే ఘట్టంలోని పద్యాలు నాలుగైదు తీసుకుని, ముందు వాటిని బాబుచేత వాడుక వచనంలోకి మార్పించండి; తర్వాత పులికి వచ్చే అనుమానాలను ఒకవైపు, ఆవు సమాధానాలను ఒకవైపు సొంత మాటల్లో రాయించండి. అవతలివాడి సందేహాన్ని ముందే ఊహించి జవాబివ్వడం వాదనా రచనకు ప్రాణం, అది ఈ కథలో కళ్లముందే ఉంది.

వాదన కోసం బేతాళ కథలను మించినవి లేవని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ ప్రతి కథా ప్రశ్నతోనే ఆగుతుంది. 11వ శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలోని ముగ్గురు వరుల కథను తీసుకోండి. పెళ్లి కాకముందే చనిపోయిన అమ్మాయి చితాభస్మం మీద ఒకడు పడుకుంటాడు, ఒకడు ఆమె అస్థికలు గంగలో కలపడానికి వెళతాడు, మూడోవాడు దేశాలు తిరిగి ప్రాణం పోసే మంత్రం తెచ్చి ఆమెను బతికిస్తాడు. ముగ్గురిలో ఆమె భర్త ఎవరు? ఇక్కడ పుస్తకం మూసేయండి. పిల్లలు తమ తీర్పునూ, దానికి రెండు కారణాలనూ, ఎదుటివారు లేవనెత్తగల ఒక ఆక్షేపణనూ, దానికి జవాబునూ రాసిన తర్వాతే విక్రమార్కుడి జవాబు వినిపించండి. ప్రాణం పోసినవాడు తండ్రితో సమానం, అస్థికలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదను వదలకుండా ఉన్నవాడే భర్త అన్నది రాజు తీర్పు. దానితో మీ పిల్లలు ఏకీభవించకపోతే రాజు వాదనను ఖండిస్తూ ఇంకొక పేరా రాయమనండి. ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదేమిటని పాప అంటే, ఆ మాటతోనే మొదలుపెట్టమనండి. పాత కథల్లో ఆడవాళ్ల పట్ల, సవతి తల్లుల పట్ల, పేదల పట్ల కనబడే చిన్నచూపును మీరు ముందే కత్తిరించి ఇవ్వనవసరం లేదు. ఈ వయసు పిల్లలు దాన్ని పట్టుకోగలరు, పట్టుకున్నప్పుడు వాళ్లు రాసే వాక్యాల్లో ఒక ఊపు ఉంటుంది.

సైన్సు జవాబుల గురించి మీరు అడిగారు. దానికి మన ఏడు చేపల కథ చాలు. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డొచ్చింది, గడ్డిమోపు ఎందుకు అడ్డొచ్చిందంటే ఆవు మేయలేదు అంటూ, కథ ఫలితం దగ్గర మొదలై ఒక్కొక్క కారణాన్నీ వెతుక్కుంటూ చీమ దాకా వెళుతుంది. దాన్ని సంభాషణ లేకుండా, చీమ దగ్గర మొదలుపెట్టి, కారణం నుంచి ఫలితానికి రాయమనండి: "పిల్లవాడు పుట్టలో వేలు పెట్టడంతో చీమ కుట్టింది. వాడి ఏడుపు మాన్పడంలో పడి అవ్వ గొల్లవాడికి అన్నం పెట్టలేకపోయింది. ఆకలితో ఉన్నందువల్ల అతను ఆవును మేపలేదు. ఆవు మేయకపోవడంతో గడ్డిమోపు అక్కడే ఉండిపోయి, చేపకు ఎండ తగలకుండా అడ్డుపడింది." ఈ నాలుగు వాక్యాల్లో "వల్ల", "అందువల్ల", "-తో", "-నందున" లాంటివి ఏ రెండు సంఘటనల మధ్య సరిపోతాయో చూసుకుంటూ రాసిన పిల్లలు, నీరు ఆవిరై మేఘమై వానగా మారే క్రమాన్ని కూడా ఇదే తీరులో రాయగలరు. తర్కంలో లోపాలు వెతకడానికి సైతం ఇది మంచి కథ: అదే గడ్డిమోపు పక్కన మిగిలిన ఆరు చేపలూ ఎలా ఎండాయో కథ చెప్పదు. పిల్లలు ఆ ప్రశ్న అడిగేదాకా మీరు చెప్పకండి.

వాక్యాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాప రాతలోని పొడిదనంలో సగం అక్కడే ఉంది. ఆమె దాదాపు ప్రతి సంఘటననూ ఒక సమాపక క్రియతో ముగించింది: వచ్చింది, చంపింది, బాధపడ్డాడు. తెలుగులో రెండు పనులను కలపడానికి -తూ, -గానే, -తున్న, -బోయి, -కముందే లాంటి రూపాలు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఒక్కొక్కటీ రెండు పనుల మధ్య ఒక్కో రకమైన సంబంధాన్ని చెబుతుంది. "పాము వచ్చింది. ముంగిస పామును చంపింది" అన్న రెండు వాక్యాలను "ఊయల వైపు పాకుతున్న పామును చూడగానే ముంగిస ఎగిరి దాని మెడ పట్టుకుంది" అని కలిపితే కాలమూ, వేగమూ, దూరమూ మూడూ వచ్చాయి. ఇలాంటి జతలు రోజుకు రెండు చాలు, వ్యాకరణ పదాలేవీ చెప్పకుండానే చేయించవచ్చు. దీనికి వ్యతిరేకమైన జబ్బు బాబు వయసులో మొదలవుతుంది: "వచ్చి, చూసి, కోపం తెచ్చుకుని, కర్ర తీసుకుని, కొట్టి చంపేసి, లోపలికి వెళ్లి చూసి" అంటూ వాక్యం ఆగకుండా సాగిపోతుంది. అలా గుదిగుచ్చిన పనులన్నీ ఒకే బరువు తూగుతాయి. ఏ పని దగ్గర చదివేవారు ఆగాలో అక్కడ వాక్యాన్ని ముగించాలని, మిగిలినవాటిని కలిపినా ఫరవాలేదని చెబితే చాలు. సంభాషణల్లో ఇంట్లో మాట్లాడే యాసనే రాయనివ్వండి, కథనంలో మాత్రం అందరికీ తెలిసే రాతభాష వాడమనండి. ఈ తేడా పాటించడం పిల్లలకు మనం అనుకున్నంత కష్టం కాదు.

దిద్దడం విషయంలో నా పద్ధతి కటువుగా అనిపించవచ్చు: ఒకసారి ఒక్క సంగతినే దిద్దండి, మిగిలినవి కళ్లకు ఎంత గుచ్చుకున్నా వదిలేయండి. గుమ్మం దగ్గరి క్షణాన్ని రాసిన రోజున ఆ క్షణం కనబడిందా లేదా అన్నదే చూడాలి. ఒత్తులు, దీర్ఘాలు, ల-ళ, న-ణ, శ-ష-స తేడాలు తప్పకుండా నేర్పవలసినవే, కానీ వాటికి వేరే రోజు పెట్టి, పిల్లలు తమ రాతలోంచి తామే తప్పిన మూడు మాటలు ఎంచి నోటుపుస్తకం చివర రాసుకునే ఏర్పాటు చేయండి. ఎర్ర సిరా అవసరం లేదు. అన్నిటికంటే బాగా పనిచేసే దిద్దుబాటు, వాళ్లు రాసినదాన్ని మీరు గొంతెత్తి, ఒక్క మాట కూడా కలపకుండా, తీసేయకుండా చదవడం. మాట తప్పిపోయిన చోట, వాక్యం తెగని చోట మీ గొంతు తడబడుతుంది, వాళ్లు "ఆగు, అక్కడ మారుస్తా" అంటారు. ఇద్దరి రాతలనూ పోల్చి ఒకరిని మెచ్చుకునే పని మాత్రం చేయవద్దు, ముఖ్యంగా తమ్ముడో చెల్లెలో వేగంగా రాసే ఇంట్లో అది పెద్దవాడి చేతిని ఇంకా బిగిస్తుంది.

కథల ఎంపిక సులువే. ఐదు నిమిషాల్లో చెప్పగలిగేది, ఒకే ఒక్క పెద్ద మలుపు ఉన్నది, కనీసం రెండు పాఠాలు దొరికేది అయితే చాలు. కోతి, మొసలి, నీలిరంగులో పడిన నక్క, హంసలతో ఎగిరిన తాబేలు, ఇవన్నీ పనికివస్తాయి. తెనాలి రామలింగడి కథలను మొదట్లో తీసుకోకండి, అవి చివరి మాట చమత్కారం మీద నిలబడతాయి గనుక పెంచినా కుదించినా విరిగిపోతాయి.

టీవీ కథల సంగతికి వస్తే, అది పిల్లల తప్పు కాదు. సొంత కథ రాయమంటే ఎవరికైనా దగ్గరగా ఉన్న అచ్చులోంచే కథ పోసుకోవాలనిపిస్తుంది, వాళ్లకు ఇప్పుడు దగ్గరగా ఉన్నది టీవీ. మీరు వేరే అచ్చు ఇవ్వండి. నెలన్నర పాటు ముంగిస కథతో గడిపినవారికి దాని ఎముకలు తెలిసి ఉంటాయి: సాయం చేసినవారు ఒకరు, సగం సాక్ష్యం మాత్రమే చూసినవారు ఒకరు, తిరిగి సరిదిద్దలేని ఒక పని, ఆలస్యంగా తెలిసిన నిజం. ముంగిస, పాము, ఊయల ఏవీ లేకుండా ఈ నాలుగింటితో ఇప్పటి కాలపు కథ ఒకటి రాయమనండి. సరిదిద్దలేని పని చావే కానవసరం లేదు, పంపేసిన ఒక మెసేజ్ కావచ్చు, చింపేసిన ఒక బొమ్మ కావచ్చు. వేల్స్ వారు ముంగిసను వేటకుక్కగా మార్చుకున్నట్టే ఇదీ మార్చుకోవడమే కనుక, ఇది సొంత కథ ఎలా అవుతుందని బాబు పేచీ పెడితే ఆ సంగతి గుర్తుచేయండి. బాబుతో దీన్ని రెండో నెలలో మొదలుపెట్టవచ్చు. పాపకు తొందర లేదు. గుమ్మం దగ్గరి పేరా ఆమెకు నచ్చేదాకా, తండ్రి వైపు నుంచి ఒకసారి, తల్లి వైపు నుంచి ఒకసారి రాసేదాకా ఆమెను అక్కడే ఉండనివ్వండి.